ఐదుగురి పూచీ

తాకట్టు పెట్టడానికి పొలం లేదు, మెడలో బంగారం లేదు, జామీను సంతకం పెట్టే పెద్దమనిషి లేడు. అలాంటి ఇంటి ఆడవాళ్ల దగ్గర కూడా అప్పుకు ఆధారం కాగలిగింది ఒకటి ఉందని బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనస్ గ్రామీణ్ బ్యాంకు నడిపి చూపించారు. అది ఇరుగుపొరుగు మాట. ఐదుగురు ఒకరికొకరు పూచీ పడితే ఆ అప్పు మునగదు. మన నేల మీద ఆ మాట ఎంత ఎత్తుకు ఎదిగి ఎలా కూలిందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

హైదరాబాదులో పుట్టి అమెరికాలో పెరిగిన విక్రమ్ ఆకుల 1998లో మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో ఎస్‌కేఎస్ అప్పులు మొదలుపెట్టారు. అప్పటికది లాభం ఆశించని స్వచ్ఛంద సంస్థ. వానలు సరిగా పడని ఊళ్లు, నూటికి మూడు, ఐదు రూపాయల వడ్డీకి తిప్పే షావుకార్లు, ఏటా వలసలు. అలాంటి చోట ఒక మేకకో, కుట్టుమిషనుకో, కిరాణా కొట్టులో సరుకుకో తాకట్టు లేకుండా డబ్బు చేతికొచ్చింది. ఆ మేలును తక్కువ చేసి చెప్పడం అన్యాయం. గుంటూరులో పద్మజా రెడ్డి స్పందన, హైదరాబాదులో ఉదయకుమార్ షేర్ కూడా ఇదే దారిలో ఎదిగాయి. దేశంలో సూక్ష్మరుణాలకు అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే రాజధాని అయింది.

వారం మీటింగు తెల్లారేసరికే మొదలయ్యేది. కూలికి వెళ్లేలోపు ముగియాలి. ఐదుగురు ఒక వరస చొప్పున చాప మీద కూర్చునేవాళ్లు. మోటారు సైకిల్ మీద వచ్చిన కుర్రాడు ప్రతిజ్ఞ చేయించి, పాసుపుస్తకాలు అందుకుని, నోట్లు లెక్కపెట్టుకునేవాడు. పదివేల అప్పు, యాభై వారాలు, ఫ్లాట్ వడ్డీ పన్నెండున్నర శాతం అనుకుందాం. వారానికి 225 రూపాయలు. వినడానికి తేలికే. కానీ వారం వారం అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదే పడుతుంది. తగ్గే అసలు మీద లెక్క కడితే అది ఏడాదికి దాదాపు పాతిక శాతం అవుతుంది. ఊరి లెక్కలో నూటికి రెండు రూపాయల పైమాటే. ఒక మనిషి వాయిదా తక్కువ పడితే మిగతా నలుగురూ వేసుకోవాలి. అంతా జమయ్యేదాకా చాప మీద నుంచి ఎవరూ లేవకూడదు. ఆడవాళ్లు చాలాకాలం మనస్ఫూర్తిగానే ఆ కట్టుబాటు పాటించారు. ఇవాళ నీకు, రేపు నాకు అనుకున్నారు. వసూళ్లు నూటికి తొంభైతొమ్మిది వంతులు వచ్చాయంటే కారణం అదే.

ఆ తొంభైతొమ్మిది పెట్టుబడి కళ్లలో పడింది. బ్యాంకులు తమ అప్పుల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. పల్లెపల్లెకూ తిరిగి చిన్న అప్పులివ్వడం వాటికి భారం. ఈ సంస్థలకు మొత్తంగా ఇచ్చేస్తే ఆ పద్దులోనే జమ. పేదలకోసం పెట్టిన నియమం అలా కంపెనీల చేతికి డబ్బు అందించే కాలువ అయింది.

2005లో ఎస్‌కేఎస్ లాభం కోసం నడిచే ఫైనాన్స్ కంపెనీగా మారింది. ఈ మార్పులో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఒకటుంది. స్వచ్ఛంద సంస్థగా ఉన్నప్పుడు వచ్చిన విరాళాలను సభ్యుల పేరిట ట్రస్టుల్లో పెట్టి, ఆ ట్రస్టుల ద్వారా కంపెనీ వాటాలు కొన్నారు. కాగితం మీద అప్పు తీసుకున్న ఆడవాళ్లే కంపెనీకి యజమానులు. తర్వాత సికోయా వంటి పెట్టుబడి సంస్థలు వచ్చాయి. విడత విడతకూ కొత్త డబ్బు చేరేకొద్దీ ఆ ట్రస్టుల వాటా పలచబడింది. చాప మీద కూర్చున్న సభ్యురాలు తన వాటా ఎప్పుడు తగ్గిందో ఎలా తెలుసుకుంటుంది? అడిగే దారి ఆమెకు ఎవరు చూపించారు?

హెచ్చరిక రాకపోలేదు. 2006లో కృష్ణా జిల్లాలో అధిక వడ్డీలు, వేధింపుల ఫిర్యాదుల మీద అధికారులు సుమారు యాభై శాఖలు మూయించారు. కంపెనీలు ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. శాఖలు మళ్లీ తెరుచుకున్నాయి. వేగం మాత్రం తగ్గలేదు. ఒకే వీధిలో నాలుగైదు కంపెనీలు అవే ఇళ్ల తలుపులు తట్టాయి. కుర్రాళ్లకు టార్గెట్లు, సభ్యుల సంఖ్యను బట్టి ప్రోత్సాహకాలు. సోమవారం కంపెనీ కిస్తీకి బుధవారం కంపెనీ దగ్గర అప్పు, దాన్ని కట్టడానికి శుక్రవారం ఇంకొకటి. ఎవరికి ఎంత అప్పుందో ఒకచోట చూసే ఏర్పాటు ఎవరి దగ్గరా లేదు. అప్పు పెంచడానికి సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ ఇల్లు ఎంత మోయగలదో చూడడానికి లేదు.

2010 ఆగస్టు 16న ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌కు ఎక్కింది. షేరు ధర 985 రూపాయలు, సేకరించింది సుమారు 1,650 కోట్లు. అందులో కొత్త షేర్ల కంటే పాత వాటాదారులు అమ్ముకున్నవే ఎక్కువ. పేదల మీద లాభం చేసుకోవడమేమిటని యూనస్ బహిరంగంగానే ఖండించారు. ఆ నెలల్లోనే పల్లెల నుంచి చావు కబుర్లు మొదలయ్యాయి. వాయిదాల ఒత్తిడితో ముడిపడినవంటూ ప్రభుత్వ సంస్థ సెర్ప్ యాభైకి పైగా ఆత్మహత్యల జాబితా తయారుచేసింది. కుటుంబాలు చెప్పిన కథల్లో పదేపదే వచ్చింది ఇంటి ముందు బైఠాయింపు, తోటి సభ్యుల తిట్లు, వీధిలో పరువు పోవడం. ఆదుకోవడానికి పడ్డ పూచీ, నిలదీయడానికి ఆయుధమైంది. ఎదురింటి వదిన చేతే వదినను అవమానింపజేసింది ఆ వ్యవస్థ.

అక్టోబరు 15న రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు జిల్లాల్లో నమోదు కావాలి, వారం వాయిదాలు పోయి నెల వాయిదాలు రావాలి, ఇళ్ల దగ్గర వసూళ్లు ఆగాలి. డిసెంబరులో అదే చట్టమైంది. కట్టొద్దని చెప్పిన నాయకులూ ఉన్నారు. వసూళ్లు పదోవంతుకు పడిపోయాయి. ఏడువేల కోట్ల రూపాయల మేర అప్పులు స్తంభించాయి. స్పందన, షేర్ సంస్థలు అప్పుల పునర్వ్యవస్థీకరణకు బ్యాంకుల ముందు నిలబడ్డాయి. 2011 నవంబరులో ఆకుల తాను పెట్టిన కంపెనీని వదిలి వెళ్లారు. 2012 నాటికి షేరు వంద రూపాయల లోపుకు దిగింది. పేరు మార్చుకున్న ఆ సంస్థ 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది.

కంపెనీ పతనం లెక్కలు దొరుకుతాయి. ఊళ్ల పతనానికి లెక్కలు లేవు. ఇంటర్ చదివి మోటారు సైకిలెక్కిన పల్లె కుర్రాళ్లు వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. చట్టం వేధింపును ఆపింది గాని అవసరాన్ని ఆపలేదు. ఆసుపత్రి ఖర్చుకు, కాలేజీ ఫీజుకు మళ్లీ షావుకారి గడపే దిక్కైంది. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఆర్థికవేత్తలు ఈ సంక్షోభం మీద పరిశోధన చేశారు. ఆంధ్రలో దెబ్బతిన్న కంపెనీలు వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించేశాయి. అలా అప్పులు తగ్గిన జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయని వాళ్లు తేల్చారు. నారాయణఖేడ్ పేరు వినని కూలీ కూడా ఈ నష్టంలో తన వంతు కట్టాడు. ఆగస్టులో షేర్లు అమ్ముకుని బయటపడినవాళ్లు మాత్రం కట్టలేదు.

ఆ తర్వాత పాఠం నేర్చుకున్నామా? మాలెగాం కమిటీ సూచనల మీద రిజర్వ్ బ్యాంకు వడ్డీకి పరిమితి పెట్టింది. 2022లో దాన్ని ఎత్తేసింది. 2020 చివర్లో హైదరాబాదు పోలీసులు లోన్ యాప్‌ల కేసులు పట్టినప్పుడు తెలిసింది, ఐదుగురి స్థానంలోకి ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టు వచ్చిందని. వాయిదా తప్పితే బావమరిదికీ, ఆఫీసులో పెద్దాయనకీ ఫోన్లు. చాప పోయింది, పరువును తాకట్టు పెట్టుకునే పద్ధతి పోలేదు. యాప్‌లు ఆ జాబితా ముట్టుకోకూడదని 2022 సెప్టెంబరులో నిబంధన వచ్చింది. అప్పటికే ఎన్నో ఇళ్లు ఏడ్చాయి.

రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న కంపెనీలకు 2010 నాటి చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కంపెనీలు తిరిగి వస్తున్నాయి. రావాలి కూడా, పేద ఇంటికి అప్పు కావాలి. ఇప్పటి నియమం ప్రకారం ఇంటిల్లిపాది నెలవారీ కిస్తీలన్నీ కలిపినా ఆదాయంలో సగం దాటకూడదు. ఆ లెక్క వేసే కుర్రాడి జీతం టార్గెట్‌కు ముడిపడి ఉంటే ఆ సగం ఎప్పుడూ కాగితం మీద సరిపోతూనే ఉంటుంది. అప్పు మునిగితే ఇచ్చినవాడి పెట్టుబడి కూడా మునగాలి, వీధిలో మనిషి పరువు జోలికి ఎవరూ పోకూడదు. ఈ రెండూ చట్టంలో రాసి, అమలు చేసి చూపించినప్పుడే సెర్ప్ ఆత్మహత్యల జాబితాలోని వాళ్ల బాకీ మనం తీర్చడం మొదలుపెట్టినట్టు.