కూలి పరుగు నుంచి కులాసా పరుగు దాకా



తెల్లవారుజామున అయిదు గంటలకు మీ ఊరి బస్సు రోడ్డు మీద నిలబడి చూడండి. నలుగురైదుగురు కుర్రాళ్లు పరుగెత్తుతూ కనిపిస్తారు. హోసూరు వైపైనా, బళ్లారి వైపైనా, పర్లాకిమిడి వైపైనా దృశ్యం ఒకటే. "ఎందుకురా అబ్బాయీ ఈ పరుగు?" అని అడిగితే, "పోలీసు సెలక్షన్లున్నాయి సార్" అనో, "మిలిటరీలో 1600 మీటర్లు పరుగెత్తాలి సార్" అనో జవాబు వస్తుంది. సెలక్షన్లు ముగిసిన మర్నాటి నుంచి ఆ రోడ్డు ఖాళీ. ఉద్యోగం వచ్చినవాడు ఊరు దాటిపోతాడు. రానివాడు బూట్లు మూల పడేసి, ముసుగుతన్ని పడుకుంటాడు. నిజానికి ఆ రానివాడికే పరుగు ఎక్కువ అవసరమని మనకు తోచదు. ఎందుకు తోచదో తెలియాలంటే, పరుగు చరిత్రలోకి కాస్త తొంగిచూడాలి.

మన దేశంలో పరుగు చాలాకాలం కూలి పని. మొరాకో నుంచి వచ్చిన యాత్రికుడు ఇబన్ బతూతా 1333లో సింధు నదిని చేరాడు. మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో ఇక్కడ నడిచిన కాలిబంట్ల తపాలా గురించి ఆయన వివరంగా రాశాడు. మైలుకు మూడు చోట్ల మనుషులు నడుం బిగించి సిద్ధంగా ఉండేవారట. ఒక చేతిలో ఉత్తరం, మరో చేతిలో రాగి గంటలు కట్టిన కర్ర పట్టుకుని ఒకడు పరుగెత్తుకు వచ్చేవాడు. గంటల చప్పుడు వినగానే తరువాతివాడు లేచి నిలబడేవాడు. ఈ కాలిబంట్ల తపాలా గుర్రపు తపాలా కంటే వేగంగా నడిచేదని ఆయన సాక్ష్యం. సుల్తాను దౌలతాబాదులో ఉన్నప్పుడు తాగడానికి గంగనీళ్లు కూడా ఇలాగే నలభై రోజుల ప్రయాణమంత దూరం నుంచి వచ్చేవట. మహారాష్ట్రలో ఉన్న మన శ్రోతలకు ఆ దౌలతాబాదు కోట తెలిసినదే.

కన్నడదేశంలో స్థిరపడిన మనవారికి 'అంచె' అంటే తపాలా అని వేరే చెప్పనక్కరలేదు. తెలుగులో అదే మాట 'అంచెలంచెలుగా' అన్నప్పుడు మనకు మిగిలింది. మైసూరు రాజ్యంలో చిక్కదేవరాజ ఒడెయరు 1672లో అంచె వ్యవస్థను నెలకొల్పాడు. రెండు శతాబ్దాలకు పైగా నడిచి, 1889లో అది ఆంగ్ల ప్రభుత్వ తపాలాలో కలిసిపోయింది. రైలు పట్టాలు లేనిచోట, బండి బాట లేనిచోట, బరిసెకు గజ్జెలు కట్టుకుని అడవుల్లో సంచీ మోసిన తపాలా రన్నర్లను మన తాతలు ఎరుగుదురు. ఉత్తరం చేరిందా లేదా అన్నదే లెక్క. మోసినవాడి మనసులో ఏముందని ఎవరు అడిగారు?

పరుగు మనిషి కులాసాకు కూడా పనికివస్తుందన్న ఆలోచన బాగా పాకింది ఇటీవలే. 1960ల మొదట్లో న్యూజిలాండు దేశపు ఆక్లాండ్ నగరంలో ఆర్థర్ లిడియార్డ్ అనే పరుగు శిక్షకుడు, గుండెజబ్బు వచ్చి తేరుకున్నవారి చేత, నడివయసు దాటినవారి చేత నెమ్మదిగా పరుగెత్తించాడు. 1962లో అమెరికా నుంచి బిల్ బవర్‌మన్ అనే శిక్షకుడు అక్కడికి వెళ్లాడు. ఛాంపియన్లను తయారుచేసిన ఆ మనిషి, గుండెపోటు వచ్చి కోలుకున్న డెబ్బై దాటిన ఒక వృద్ధుడితో సమంగా పరుగెత్తలేక రొప్పాడు. సిగ్గుపడి ఊరుకోలేదు. తన ఊరికి తిరిగివెళ్లి సామాన్యులకు ఈ విద్య నేర్పాడు. ఒక గుండె వైద్యుడితో కలిసి 1967లో 'జాగింగ్' అనే పుస్తకం ప్రచురించాడు.

గుండె కోసం మొదలుపెట్టినవారు మరో సంగతి గమనించారు. మనసు తేలికపడుతోంది. కాలిఫోర్నియాలో మానసిక వైద్యుడు థాడియస్ కోస్ట్రుబాలా 1970ల్లో తన రోగులను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించడానికి బదులు, వారితో పాటు తానూ పరుగెత్తాడు. ఆ అనుభవాలతో 1976లో పుస్తకం తెచ్చాడు. 1979లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జాన్ గ్రీస్ట్ బృందం దిగులు జబ్బుతో వచ్చిన 28 మందిని పరీక్షించింది. పరుగెత్తినవారు, మాటల వైద్యం పొందినవారు దాదాపు ఒకేలా కోలుకున్నారు. 28 మందితో ఏం తేలుతుందని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. 1999లో డ్యూక్ విశ్వవిద్యాలయం యాభై దాటిన 156 మందితో పెద్ద పరీక్ష చేసింది. కొందరికి మందు, కొందరికి వారానికి మూడుసార్లు చురుకైన నడక లేక పరుగు, కొందరికి రెండూ ఇచ్చారు. పదహారు వారాలకు మూడు జట్లూ ఇంచుమించు సమానంగా తేరుకున్నాయి. మందు తొందరగా పనిచేసింది. వ్యాయామం నిదానంగా చేసినా నిలకడగా చేసింది.

దీనికి కారణం ఏమిటి? శరీరం తానే తయారుచేసుకునే ఎండార్ఫిన్ల వల్ల అని చాలాకాలం అనుకున్నారు. 2008లో జర్మనీలో పదిమంది రన్నర్లను రెండు గంటలు పరుగెత్తించి, మెదడును ప్రత్యేక యంత్రంతో చూసి, అందుకు కొంత ఆధారం చూపారు. ఇతర రసాయనాల పాత్ర కూడా ఉందని 2015లో ఎలుకలపై జరిగిన పరిశోధన సూచించింది. ఆరుబయట తిరగడం వల్ల అదనపు లాభం ఉందనీ తేలుతోంది. అదే 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 38 మందిని తొంభై నిమిషాలు నడిపించారు. చెట్ల మధ్య నడిచినవారిలో, ఒకే బాధను తవ్వుకుంటూ కూర్చునే గుణం తగ్గింది. రద్దీ రోడ్డు పక్కన నడిచినవారిలో తగ్గలేదు. మనకు చెరువు గట్టు ఉండగా హైవే అంచున పరుగు దేనికి?

నా సంగతి ఒక్కమాట. నలభై దాటాక, తెలుగు సెక్షన్లో ఏటికేడు పిల్లలు తగ్గిపోతుంటే ఆ దిగులుతో నాకు నిద్ర పట్టేది కాదు. గట్టు మీద పరుగు మొదలుపెట్టాను. పిల్లలు పెరగలేదు. సమస్య సమస్యగానే ఉంది. కానీ రాత్రి దాన్ని పక్కకు పెట్టి పడుకోవడం వచ్చింది. పొద్దున్నే నాలుగిళ్లకు వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడే ఓపిక వచ్చింది. అంతకుమించి నేను చెప్పుకోను.

హెచ్చరిక కూడా చెప్పాలి. 1977లో పరుగు మీద పుస్తకం రాసి లోకాన్ని ఉర్రూతలూగించిన జిమ్ ఫిక్స్, 1984లో పరుగు మధ్యలోనే గుండె ఆగి చనిపోయాడు. వయసు 52. ఆయన తండ్రి కూడా 43వ ఏట గుండెజబ్బుతో పోయినవాడే. కనుక నలభై దాటినవారు, ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోండి. మనసు జబ్బుకు మందు వాడుతున్నవారు పరుగు పేరు చెప్పి మందు మానకండి. బతుకు మీద విరక్తి పుట్టినవారు 14416 నంబరుకు ఫోను చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. మన భాషలో మాట్లాడవచ్చు.

మరి ఆడపిల్లల మాట? 1928 ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పందెం పెట్టి, వారు తట్టుకోలేరని వంక చెప్పి 1960 దాకా మళ్లీ పెట్టలేదు. స్త్రీల మారథాన్‌కు 1984 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాదే మన పి.టి. ఉష సెకనులో నూరోవంతు తేడాతో పతకం పోగొట్టుకుంది. తట్టుకోలేనిది ఆడపిల్లలు కాదు, చూసే కళ్లని అప్పుడే తేలింది. అయినా ఇవాళ్టికీ మన ఊళ్లలో పదో తరగతి పరీక్ష భయం అన్నకూ చెల్లెలికీ ఒకటే. గట్టు మీదికి వెళ్లేది మాత్రం అన్న ఒక్కడే. అమ్మలారా, మీరూ తోడు వెళ్లండి. పరుగెత్తలేకపోతే నడవండి. ఇద్దరికీ మేలు.

ఎలా మొదలుపెట్టాలి? రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగం చాలు. వారానికి మూడు రోజులు చాలు. గడియారంతో పోటీ వద్దు.

చివరగా, సెలక్షన్లలో పోయి ముసుగుతన్ని పడుకున్న ఆ కుర్రాడు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే, రేపు పొద్దున్నే తలుపు తట్టండి. "ఉద్యోగం కోసం కాదురా, ఊరికే రా" అని పిలవండి. వెనకటి రన్నరు ఎవరి ఉత్తరమో మోసుకుని పరుగెత్తాడు. వీడు తన బరువు తాను దించుకోవడానికి పరుగెత్తుతాడు.