దీపాలదిన్నెను కాగితం మీద నిలిపినవాళ్లు

అమరావతి మహాస్తూపాన్ని చూడాలంటే ఇవాళ అమరావతికి వెళితే సరిపోదు. శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మరికొంత లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈ రెండు చోట్లా కనిపించని ఫలకాలూ కొన్నున్నాయి. వాటికి రెండు వందల ఏళ్ల కిందట గీసిన బొమ్మలే ఆధారం.

18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్నం కట్టించాడు. కట్టడాలకు రాయీ ఇటుకా కావాలి. పక్కనే జనం దీపాలదిన్నె అని పిలిచే గుట్ట ఉంది; శిథిలమైన మహాస్తూపమే ఆ గుట్ట. తవ్వితే చెక్కడపు రాళ్లు బయటపడ్డాయి. ఆ కబురు విని వచ్చినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టి, 1783లో మద్రాసు చేరిన సైనిక ఇంజనీరు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిభుజాలు. ఊరూరా శాసనాలూ కైఫియతులూ (ఊళ్ల చరిత్ర రాతలు) సేకరించి పెట్టింది వాళ్లే.

మొదటిసారి మెకంజీ చూడగలిగింది కొద్దే. 1815లో భారత సర్వేయర్ జనరల్ అయ్యాక, 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. అప్పటికే దిన్నె నడుమ చెరువు కోసం గొయ్యి తవ్వేశారు. కొన్ని ఫలకాలు శివగంగ చెరువు మెట్లకు పోయాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి.

ఫొటోలు లేని కాలం అది. చూసింది దక్కాలంటే గీయాల్సిందే. వచ్చిన చిత్రకారులు సర్వే పనిలో ఆరితేరినవాళ్లు. కొలత తప్పకూడదన్నది వాళ్లకు చేతిలో ఇంకిపోయిన పద్ధతి. ముందు పెన్సిల్, తర్వాత సిరా, ఆపైన చెక్కడం లోతు తెలిసేలా పలచని నీడరంగు. స్తంభం మీది పద్మాన్ని వేస్తే దాని రేకుల వరసలన్నీ కాగితం మీదికి రావాలి. ఫలకం ఎక్కడ విరిగిందో గీత అక్కడే ఆగుతుంది. లేని తలను ఊహించి అతికించాలన్న ఆశకు లొంగని ఆ నిగ్రహమే ఈ బొమ్మలను సాక్ష్యంగా నిలబెట్టింది. రాళ్లు ఎక్కడెక్కడ దొరికాయో చూపే దిన్నె పటం కూడా 1817లో తయారైంది.

తర్వాతి కథ రాళ్ల వలస కథ. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి. 1850ల్లో వాటిని మురుగేశ మొదలియార్ అనే చిత్రకారుడు గీశాడు. 1858లో లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. 1859లో చాలా ఫలకాలు ఓడెక్కి లండన్ వెళ్లాయి. 1868లో జేమ్స్ ఫెర్గూసన్ అమరావతి శిల్పాల మీద పెద్ద గ్రంథం వెలువరించినప్పుడు, మెకంజీ మనుషుల బొమ్మలు ఆయనకు ఎంతో అక్కరకొచ్చాయి.

మన చరిత్ర పుస్తకాలు తవ్వించినవాళ్ల పేర్లు చెబుతాయి, గీసినవాళ్లను మాత్రం వదిలేస్తాయి. గంటల తరబడి కూర్చుని ఒక్కో ఫలకాన్ని చూసింది మాత్రం వాళ్లే. ఆ చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. వాటి ప్రతులను అమరావతి మ్యూజియంలో, గీసినవారి పేర్లతో సహా, పెద్దవిగా వేలాడదీయాలి. అక్కడికి విహారయాత్రకు వచ్చే ప్రతి బడిపిల్లకూ ఒక కాగితం, ఒక పెన్సిల్ ఇచ్చి శిల్పం ముందు కూర్చోబెట్టాలి.