గోదావరి లోతు

గోదావరి యెంత లోతు? చిన్ననాట నదీతీరమున నిలిచి ఈ ప్రశ్న వేయనివారు మనలో అరుదు. దీనికి ఒక్క అంకెతో సమాధానము చెప్పబూనిన వారెవరైనను పొరబడుదురని మా తలంపు. వేసవిలో మోకాలిబంటి నీటిలో దాటగల తావులును, నిలువెత్తు గడలు పెక్కు ముడివేసినను అడుగు తగులని మడుగులును ఒక్క నదియందే కలవు. ఈ హెచ్చుతగ్గులు కేవలము భూగోళ విషయము కాదు. మన సీమ చరిత్రను కొంత అవియే నడిపినవి.

నాసిక్ చెంత త్ర్యంబకమున పుట్టిన గోదావరి 900 మైళ్లకు పైగా ప్రవహించి సముద్రమున కలియుచున్నది. దక్కను పీఠభూమిపై దాని పడక చాలవరకు రాతినేల. వానలు వెనుకబడగానే అచ్చట నీరు పలుచబడి, బండల నడుమ మడుగులుగా నిలుచును. కాళేశ్వరము కడ ప్రాణహితయు, ఆ పిమ్మట ఇంద్రావతియు, శబరియు వచ్చి కలిసినపుడు గాని మనము నిండు గోదావరి యని పిలుచు నది యేర్పడదు.

ఇంత నీరును పాపికొండల నడుమ ఇరుకుదారిన పోవలసియున్నది. ప్రక్కలకు చోటులేని నీరు లోతునకు దిగును, వడిగా పరుగెత్తును, తన పడకను తానే తొలుచుకొనును. ఆ కనుమలో గోదావరి అగాధమగుటకు కారణమిదియే. పైకి నిశ్చలముగ కనుపించు ఆ నీట వరదకాలమున సుడులు లేచును. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు చెంత విహారనౌక మునిగి పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ నౌకను వెలికి తీయుటకు ఐదు వారములకు పైగా పట్టినది.

కనుమ దాటిన పిదప నది స్వభావము మారును. ధవళేశ్వరము కడ లంకలతో కూడ దాని వెడల్పు సుమారు నాలుగు మైళ్లు. వెడల్పు పెరిగినకొలది లోతు తగ్గును, వడి మందగించును, ఇసుక మేటలు వేయును. పడవ నడుపువానికి ఇది బెడద. ఆర్థర్ కాటన్‌కు మాత్రము ఇదియే అదను. 1833 నాటి కరవును, 1839 నాటి తుఫానును గోదావరి మండలమును క్రుంగదీసినవి. ప్రక్కనే మహానది పారుచుండగా పొలములు ఎండిపోవుట ఆయనను కలతపెట్టెను. లోతు తక్కువయై, లంకలచే పాయలుగా చీలిన చోటనే ఆనకట్ట నాలుగు భాగములుగా కట్టవచ్చునని ఆయన గ్రహించెను. అడుగున రాయి లేదు, ఇసుకయే. ఇసుకపై కట్టడము నిలుచునని కావేరిపై మన పూర్వులు కట్టిన కల్లణై అదివరకే చాటుచుండెను. 1847లో ఆరంభమైన పని 1852లో ముగిసెను. నదిలో లేని నిలుకడయైన లోతు కాలువలలో లభించెను. పంటలతోపాటు పడవలును సాగెను.

ఈ విజయమే మరియొక ఆశను రేపెను. గోదావరి, ప్రాణహిత, వార్ధాల మీదుగా మధ్యపరగణాల ప్రత్తిని పడవలపై సముద్రమునకు దింపవచ్చునని తలంచిరి. 1861లో అమెరికా అంతర్యుద్ధము మొదలై ప్రత్తికి కొరత యేర్పడగా ఆ కోరిక మరింత బలపడెను. కాని దారిలో మూడు రాతి అడ్డంకులుండెను. మొదటిది భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము కడ, రెండవది ఇచ్చంపల్లి కడ, మూడవది ప్రాణహితలో. వీని నడుమ నది ఎంత లోతైనను, ఈ బండల కడ పడవ ఆగవలసినదే. దుమ్ముగూడెమున ఆనకట్టయు, కాలువయు, లాకులును కట్టిరి. ఇంతలో 1867లో బొంబాయి నుండి రైలుమార్గము నాగపురము చేరెను. వ్యయము పెరుగగా 1871లో పని నిలిపివేసిరి. దారి పొడవున లోతున్నను చాలదు. మిక్కిలి తక్కువ లోతుగల చోటే పడవ భవిష్యత్తును నిర్ణయించును.

సముద్రతీరమున మరియొక పాఠము కలదు. గౌతమి పాయ చెంతనున్న కోరంగి ఒకప్పుడు ఓడలను బాగుచేయు ప్రసిద్ధ రేవు. తుఫానులు దానిని దెబ్బతీయగా, నది తెచ్చిన ఒండ్రు దాని నీటిదారిని పూడ్చివేసెను. వ్యాపారము కాకినాడకు తరలిపోయెను. నది లోతు కోల్పోయిన చోట ఊరు తన బ్రతుకుతెరువును కోల్పోయెను.

నేటికిని వరదదినములలో మనము గోదావరి అంకెలను చెవియొగ్గి వినుచుందుము. భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక, ధవళేశ్వరమున 11.75 అడుగులకే. 1986 ఆగస్టులో భద్రాచలమున నీరు 75 అడుగులు దాటెను. ఈ అంకెలు ఆయా చోట్ల నాటిన కొలబద్దల లెక్కలే గాని నది లోతులు కావు. వీనిని ఒకదానితో నొకటి పోల్చి, ఇచ్చట తక్కువ గనుక భయము లేదనుకొనుట ప్రమాదకరము.

పూర్వము గోదావరి పడవవాడు ముంగలి నిలిచి వెదురుగడతో అడుగు తడుముచు దారి చెప్పుచుండెడివాడు. నిన్నటి లోతును అతడు నేడు నమ్మలేదు. గోదావరి యెంత లోతని అడుగుటకు మారుగా, ఎచ్చట, ఏ మాసమున అని మనమును అడుగ నేర్చినచో, ఆ నది మనకు మరింత తెలిసినదగును.