లెగ్‌రెస్ట్, ఫుట్‌రెస్ట్: కాళ్లకు ఏది మేలు?

రాజమండ్రి, అమలాపురం, భీమవరం వైపు నుంచి గల్ఫ్‌కో, ఉమ్రాకో, అమెరికాలో పిల్లల దగ్గరికో వెళ్లేవాళ్లలో చాలామంది రాత్రంతా రైల్లోనో బస్సులోనో కూర్చుని శంషాబాద్ చేరతారు. తర్వాత విమానంలోనూ గంటల తరబడి కూర్చోవడమే. పెద్దవాళ్లకు ప్రీమియం ఎకానమీ టికెట్ తీసేముందు ఈ తేడా తెలిస్తే మంచిది.

లెగ్‌రెస్ట్ మన సీటు అంచు నుంచే పైకి లేచి పిక్కలకు ఆసరా ఇస్తుంది. ఫుట్‌రెస్ట్ సాధారణంగా ముందు సీటుకు అమర్చి ఉంటుంది. కిందకు దించి పాదాలు ఆనించాలి. పొట్టివాళ్లకు పాదాలు నేలకు అందక తొడల కింద సీటు అంచు ఒత్తుకుంటుంది. వాళ్లకు ఫుట్‌రెస్ట్ హాయి. పొడగరులకు అది మోకాళ్లను పైకి లేపేస్తుంది. లెగ్‌రెస్ట్ కొంత నయం.

ఎమిరేట్స్ ప్రీమియం ఎకానమీ సీట్లకు రెండూ ఉంటాయి. కొన్ని సంస్థల్లో లెగ్‌రెస్ట్ మొదటి వరుసకే. వెనక వరుసలకు ఫుట్‌రెస్ట్ మాత్రమే. అందుకే డబ్బు కట్టేముందు ఏ వరుసకు ఏముందో ఏజెంటును అడగాలి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు రెండూ మడిచేయాలి.

అయితే ఆసరా ఉందని కదలకుండా పడుకోవద్దు. 4 గంటలు, అంతకు మించిన ప్రయాణంలో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. రైలు, బస్సు, కారుకూ ఇదే వర్తిస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు 6,000 మందిలో ఒకరికే వస్తుంది. మడమలు ఎత్తి దించుతూ, వీలైనప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయాలి. గతంలో గడ్డకట్టినవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ముందే డాక్టరును కలవాలి.