స్త్రీల వ్యాధులు – పెట్టుబడి చరిత్ర

ఆడవాళ్ళు తమ వ్యాధులను బయటికి చెప్పుకోరు, అందువల్లనే వాటికి వైద్యం ఎదగలేదు అనే వాదం మనలో పాతుకుపోయింది. చరిత్రను పరిశీలిస్తే ఈ వాదం నిలవదు.

జక్రాన్‌పల్లికి పొరుగున ఉన్న డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆశ్రమం వెలిసింది. దానికి ప్రాణం పోసినది ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు. ధనసహాయం చేసినవాడు నిజామాబాదు రాజా నర్సాగౌడ్. ఆ రోజుల్లో కుష్ఠును మించిన సిగ్గు, కుష్ఠును మించిన వెలి మరొకటి లేదు. అయినా ధనం వచ్చింది, చికిత్స వచ్చింది, రోగులూ వచ్చారు. సిగ్గు దాటరాని గోడ కాదనీ, తలుపు తీసేవారుంటే రోగి తప్పక గడప దాటుతాడనీ దీనివల్ల తేలుతున్నది.

మరి స్త్రీల విషయంలో తలుపు ఎందుకు మూతపడింది? 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, గర్భధారణ వయస్సులో ఉన్న స్త్రీలను మందుల తొలి పరీక్షలనుంచి మినహాయించమని సూచించింది. ఆ సూచనను సవరించటానికి 1993 దాకా పట్టింది. పురుషుని లైంగిక బలహీనతకు వయాగ్రా 1998లోనే అనుమతి పొందగా, స్త్రీల కామేచ్ఛ లోపానికి మొదటి మాత్ర 2015లో గాని రాలేదు. దాన్ని తయారుచేసిన చిన్న సంస్థను మరొక సంస్థ వెంటనే సుమారు 100 కోట్ల డాలర్లకు కొన్నది. మాత్ర ప్రయోజనం స్వల్పం, హెచ్చరికలు అధికం కావటంతో అమ్మకాలు మాత్రం సాగలేదు. ఏళ్ళ తరబడి ఓపికగా పరిశోధన పోషించని పెట్టుబడి, లాభం వాసన తగిలిన రోజున ఎంత వేగంగా పరుగెత్తుతుందో ఇక్కడ స్పష్టమవుతుంది.

మన నేలమీదికి ఈ పరిశోధన వచ్చిన తీరు కూడా గమనింపదగినది. ఒకప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని ఉస్మానాబాదు జిల్లాలో లక్షా 30 వేలకు పైగా స్త్రీలపై జరిగిన అధ్యయనం, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా గర్భాశయ ముఖద్వార కాన్సరు మరణాలు సుమారు సగానికి తగ్గుతాయని 2009లో తేల్చింది. అదే సంవత్సరం ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. అనేక సందర్భాలలో అనుమతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చునని విచారణ సంఘం భావించింది గాని, అనుమతి తీసుకొన్న పద్ధతిని తప్పుపట్టింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇంకా తీవ్రంగా విమర్శించింది. టీకా మంచిదే. అయితే బీద పిల్ల దేహాన్ని అడగకుండా వాడుకొన్నందువల్ల, మంచి మందుపై కూడా అనుమానం మిగిలింది.

ఈలోగా మన పల్లెల్లో వేరొక వైద్యం విస్తరించింది. తెల్లబట్ట, కడుపునొప్పి, నడుంనొప్పి అనే మూడు మాటలలో మన స్త్రీలు ఎన్నో వ్యాధులను దాచుకొంటారు. వాటిని విడదీసి చూడటానికి పరీక్ష కావాలి, నర్సు కావాలి, నెలల తరబడి వెంట ఉండే వైద్యం కావాలి. వీటికి ఒక్కసారిగా వచ్చే బిల్లు లేదు. గర్భసంచి తీసివేతకు ఉన్నది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు కూడా ప్రధానంగా ఆపరేషన్లకే డబ్బు చెల్లించాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశంలో నూటికి సుమారు ముగ్గురైతే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎనిమిదిమందికి పైగా ఉన్నారు. అండాశయాలు కూడా తీస్తే ముట్లుడిగే దశ ముందే వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. బీడీల చాట ముందు, పసుపు చేలలో వంగి పనిచేసే స్త్రీకి అది జీవితాంతపు నష్టం.

1937లో బోధనులో చక్కెర ఫ్యాక్టరీ స్థాపనకు పాలకులే పూనుకొన్నారు. చెరకుకు చేసిన పని స్త్రీ ఆరోగ్యానికి చేయలేనిది కాదు. ప్రభుత్వ ధనం తోడ్పాటుతో పుణేలో తయారైన స్వదేశీ హెచ్‌పీవీ టీకా 2023లో విడుదల కావటమే ఇందుకు నిదర్శనం. ప్రజాధనం పరిశోధనకు, పరీక్షకు, ఓపికతో కూడిన వైద్యానికి మళ్ళాలి. స్త్రీ సమ్మతి సంతకంలో కాక సంభాషణలో పుట్టాలి. ఈ రెండూ కలిసిననాడే గర్భసంచి బేరసారాల వస్తువు కాకుండా పోతుంది.