ఒక కంప్రెసరు, పెక్కు గదులు

ఒక యంత్రముతో ఒక పెట్టెను చల్లబరచుట సులభమే. అదే యంత్రము మాంసపు గదిని, పాలగదిని, పండ్లగదిని ఏకకాలమున చల్లబరుపవలెనన్నచో చిక్కు మొదలగును. మాంసము గడ్డకట్టవలెను, పండ్లకు ఆ చలి విషము. ఈ పంపకము ఎట్లు కుదిరెనో మనము నెమరు వేసికొందము.

1834లో జేకబ్ పెర్కిన్స్ లండనులో పేటెంటు పొందిన యంత్రమున నేటి ఏర్పాటునకు బీజము కలదు. ద్రవము వాల్వు గుండ సన్నధారగా గొట్టపుచుట్టలో చొచ్చి, ఆవిరియగుచు వేడిని గ్రహించును. ఆ చుట్టయే ఎవాపరేటరు. కంప్రెసరు ఆ యావిరిని పీల్చి నొక్కగా, అది బయటి గొట్టములలో చల్లారి మరల ద్రవమగును.

తరువాతి కర్మాగారములలో ఒక యంత్రమునకు పెక్కు చుట్టలు తగిలించి, ఒక్కొక్కదానికి చేతివాల్వు నమర్చిరి. గొట్టముపై పట్టిన మంచును చూచి యంత్రగాడు దానిని త్రిప్పుచుండవలెను. తక్కువ విప్పెనా, గది వేడెక్కి సరకు చెడును. ఎక్కువ విప్పెనా, ఆవిరి కాని ద్రవము కంప్రెసరులో దూరి దానిని విరుగగొట్టును. అతని కునికిపాటు యజమానికి ఖరీదైనదే!

పిదప ఒత్తిడిని నిలకడగా నుంచు తనంతతాను పనిచేయు వాల్వు వచ్చెను. గదిలో వేడి సరకు చేర్చినచో చుట్టలో ఒత్తిడి పెరుగును. ఈ వాల్వు అప్పుడే మూసికొనును. దాహము వేసినవానియొద్దనుండి చెంబు లాగుకొన్నట్లే గదా!

1920ల చివర అమెరికాలో రూపొందిన థర్మోస్టాటిక్ వాల్వు ఈ లోపమును తీర్చెను. చుట్ట తుదను ఒక చిన్న బుడ్డిని కట్టిరి. బయటికి వచ్చు ఆవిరి మితిమీరి వేడెక్కినచో బుడ్డిలోని వాయువు వ్యాకోచించి వాల్వును విప్పును. వేడి తగ్గినచో వాల్వు మూసికొనును. కాలువ శివారు పొలము చూచి తూము నెత్తినట్లు, ప్రతి గదియు తన యక్కరను తానే చెప్పుకొనసాగెను. 1933లో డెన్మార్కు దేశమున మాడ్స్ క్లాసెన్ తల్లిదండ్రుల పల్లెయింటి అటకపై వాల్వుల తయారీ ఆరంభించెను; నేటి డాన్‌ఫాస్ సంస్థ అందుండి పుట్టినదే.

అయినను కంప్రెసరు పీల్పు అన్ని గదులకు నొక్కటియే. కావున పండ్లగది చుట్ట దాటినచోట, ఒత్తిడి మేరకు దిగకుండ ఆపు వేరొక వాల్వు నుంచిరి. ఒత్తిడి హెచ్చుగనున్న ద్రవము అంత చలిలో మరుగదు. యంత్రమాగినప్పుడు ఆ యావిరి మాంసపు గదిలోనికి మరలకుండ అచట నొక ఏకముఖ వాల్వు నమర్చిరి.

1982లో జపానుకు చెందిన డైకిన్ సంస్థ ఒకే బయటి యంత్రముతో భవనములోని పెక్కు గదులను చల్లబరచు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆ జాతి యంత్రములలో నేడు బుడ్డికి బదులు చిన్న మోటారు వాల్వును త్రిప్పుచున్నది. శీతల గిడ్డంగులలో మాత్రము బుడ్డి యింకను కొలువు చేయుచునే యున్నది. దాని కట్టు సడలినచో అది చుట్టువేడిని ఆవిరి వేడిగా భ్రమించి ద్రవమును వరదగా వదలును. అందుచేతనే అనుభవముగల మెకానిక్కు ముందుగా ఆ కట్టును చేతితో కదపి చూచును.