పొట్టి కబుర్ల నస్పూరు

గోదావరి ఎడమగట్టున, మంచిర్యాలను ఆనుకొని, శ్రీరాంపూరు ప్రాంతపు బొగ్గుబాయిల నడుమ పెరిగిన నస్పూరులో, ప్రొద్దు తెలియుటకు కోడికూతకంటె బాయి సైరను మోతయే నమ్మదగినదిగా చాలకాలము చెల్లినది. మోత యొకటియే, అర్థము మాత్రము వినువానినిబట్టి మారుచుండెను. మొదటి షిఫ్టునకు పోవలసినవానికి అది సద్దిగిన్నె అందుకొమ్మను ఆజ్ఞ. రాత్రి షిఫ్టు దిగివచ్చువాని ఇల్లాలికి పొయ్యి రాజేయుమను సూచన. వేళగానివేళ మ్రోగెనా, క్వార్టర్ల తలుపులన్నియు తెరచుకొని ఆడవారందరు బాయిదిక్కునకు చూచుచు నిలిచిపోవు భయవార్త. ఒక్క అక్షరమైనను లేని కబురు ఇంత పని చేసిన ఊరిలో నిలిచి, సెల్‌ఫోను మోయు 160 అక్షరముల పొట్టి కబురు, అనగా ఎస్‌ఎమ్మెస్, పూర్వకథను చెప్పబూనుట అసందర్భము కాదని తలచెదను.

ఆ ఊరివారికి పొట్టిమాట క్రొత్తది కాదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనుటతో అంకురించి, 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు ధరించిన సంస్థ గోదావరి లోయవెంబడి ఉత్తరమునకు విస్తరించునప్పుడు, తట్టా చెమ్మసులతోపాటు పొడి అక్షరములతో పేరు పెట్టు అలవాటునుకూడ వెంటబెట్టుకొని వచ్చినది. బాయిలకు ఆర్కే 5, ఆర్కే 7, ఎస్సార్పీ 1, ఎస్సార్పీ 3 అని పేరులు. కోల్ కెమికల్ కాంప్లెక్సు అను దీర్ఘనామము మూడక్షరములకు కుదించుకొనిపోగా, నేటికిని ఆటోవాడు ‘సీసీసీ, సీసీసీ’ అనియే కేకవేయును. ఈ ఊరు 2016 అక్టోబరు 11వరకు ఆదిలాబాదు జిల్లాలోనిదై, పిమ్మట మంచిర్యాల జిల్లాలో మండలమై, 2018లో పురపాలికయై, 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసినది. హోదాలు ఎన్ని మారినను, తన చిరునామాను తంతిభాషలో చెప్పుకొను ఆ అలవాటు మాత్రము మారలేదు.

తంతి యనగా జ్ఞాపకము వచ్చుచున్నది. 1850లో కలకత్తానుండి డైమండ్ హార్బరుకు ప్రయోగముగా సాగి, 1855లో జనసామాన్యమునకు తెరువబడిన ఆ సేవ, 2013 జూలై 14 రాత్రితో ముగియువరకు, దూరపు పల్లెలను విడిచి బాయిపనికి వచ్చినవారి గుండెలను ఎన్నిమారులు దడదడలాడించెనో లెక్కలేదు. మాటకు ఇంత అని వెల కట్టుటచేత మనుష్యులు తమ దుఃఖమును సైతము మాటలుగా ఎంచి వ్రాయ నేర్చిరి. ‘మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియెట్లీ’ అను నాలుగు మాటలకు అర్థము తెలియని నిరక్షరాస్యుడు ఆ కాలమున లేడు. సెలవు దొరకనివేళ, ఊరిలో నిక్షేపముగా నున్న తల్లికికూడ ఈ నాలుగు మాటల జబ్బు తగులుచుండెనని పెద్దలు నవ్వుచు చెప్పుదురు. ఇక్కడ గమనింపదగిన దేమనగా, కొడుకునకు తల్లి పంపు ఆ కబురు తల్లిభాషలో లేకుండుట. తెలుగు తంతిపై ప్రయాణము చేయవలసివచ్చినప్పుడెల్ల ఎరవు దెచ్చుకొన్న లిపిని తొడుగుకొనియే పోయినది.

రెండవమారును అట్లే జరిగెను. ఐరోపా దేశముల తంతితపాలా శాఖలు 1982లో కూడి, సరిహద్దులు దాటినను పనిచేయు ఒకే సెల్‌ఫోను పద్ధతిని రూపొందించుటకు ఒక సంఘము నేర్పరచగా, దాని పేరే జీఎస్‌ఎం అని స్థిరపడినది. అందు పనిచేసిన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అను జర్మను ఇంజనీరు, 1985లో బాన్ నగరమున తన ఇంట టైపుమిషను ముందర కూర్చుండి, తోచిన వాక్యములను టైపు చేసి అక్షరములు లెక్కింపగా, అవి దాదాపుగా అన్నియు 160 లోపలనే ముగిసెనట. లోకులు పోస్టుకార్డులపై వ్రాయునదియు ఇంతకు మించదని ఆయన కనుగొనెను. సంభాషణమును మోయు త్రోవకాక, ఏ ఫోను ఎక్కడ నున్నదో టవరునకు తెలుపు సంకేతముల త్రోవలో మిగిలియున్న చోటునే ఈ కబురునకు కేటాయించిరి గనుక, దానికి దొరికినవి 140 గూళ్లు మాత్రమే. ఒక్కొక్క గూటిలో ఎనిమిది బిట్ల చొప్పున మొత్తము 1120 బిట్లు. అక్షరమునకు ఏడు బిట్లు చాలునన్న 160 అక్షరములు పట్టును.

ఆ ఏడు బిట్ల పట్టికలో ఇంగ్లీషు అక్షరములున్నవి, ఫ్రెంచి జర్మను గుర్తులున్నవి, కొన్ని గ్రీకు పెద్దక్షరములుకూడ నున్నవి, తెలుగు లేదు. తెలుగు వ్రాయవలెనన్న అక్షరమునకు 16 బిట్లు ఈయవలసి వచ్చును, అప్పుడు 160 కాస్త 70కి దిగును. ఆ డెబ్బదియైనను మనము ఎంచు అక్షరములు కావు. నస్పూర్ అని వ్రాసితిమి. కంటికి కనబడునవి మూడక్షరములు. యంత్రమునకో, న యొకటి, స యొకటి, స క్రింద పకారము వ్రేలాడుటకు పొల్లు ఒకటి, ప యొకటి, కొమ్ముదీర్ఘ మొకటి, ర యొకటి, చివర పొల్లు మరియొకటి, వెరసి ఏడు. పక్కనే శ్రీరాంపూర్ అని చేర్చినచో దానికి 11, నడుమ ఖాళీకి 1. క్షేమసమాచారము మొదలిడకముందే చిరునామాకే 19 గళ్లు, అనగా పాతికవంతునకు పైగా, కరగిపోవును. ఒత్తులు, గుణింతములు మన లిపికి అలంకారములని గర్వించుచుండగా, అవి సుంకము చెల్లింపవలసిన సరకులని సెల్‌ఫోను మనకు నేర్పినది. 70 దాటినచో కబురు 67 చొప్పున తునుకలై రెండింటి వెల పడును. కావున మన యువకులు ‘ఎక్కడున్నవ్’ అను మాటను ఇంగ్లీషు అక్షరములలో కుదించి పంప నేర్చినారు. భాషాభిమానులు వారిని నిందించినారు గాని, నిందింపవలసినది ఆ పట్టికను. తదుపరి ప్రమాణములలో తెలుగునకును ఒక పట్టిక చేర్చబడినది గాని, అది వచ్చునప్పటికి జనులు వేరుదారి పట్టియుండిరి.

మన దేశమున తొలి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖరాముతో మాటాడినది. అది పెద్దల ముచ్చట. ప్రభుత్వరంగపు బీఎస్‌ఎన్‌ఎల్ 2002 అక్టోబరులో సెల్ సేవ నారంభించుటయు, 2003 మేనుండి వచ్చుకాలునకు డబ్బు పట్టుట మానుటయు జరిగిన పిదపనే, కార్మికవాడల చొక్కాజేబులలో అది కనబడసాగెను. అప్పుడు పుట్టినది మిస్డుకాలు. వెల లేదు, అక్షరము లేదు. ఒక్క మ్రోత ‘చేరితిని’, రెండు మ్రోతలు ‘నీవే చేయుము’. సైరను మరల చేతికి వచ్చినట్లే గదా! బాయిలోనికి మాత్రము ఆ ఫోను పోరాదు, పోయినను మాటాడదు. మండువాయువు భయముచేత మామూలు యంత్రములకు దిగువ ప్రవేశము లేదు, రేడియో తరంగములకు రాతిపొరలలో చొరవ లేదు. బాయి దిగినవానికి ఎనిమిది గంటలు ఫోను లేని లోకమే. పైకి వచ్చి దానిని తెరచినప్పుడు మాత్రము, పగలంతయు ఎక్కడో దాగియుండిన కబుర్లన్నియు ఒక్కుమ్మడిగా టింగు టింగుమని వ్రాలును. సందేశమును కేంద్రమున దాచి, అందుకొనువాడు మేలుకొన్నప్పుడు అందించుటయే ఈ పద్ధతియొక్క గుణము.

2011 సెప్టెంబరు 13న ప్రత్యేక తెలంగాణకై సకలజనుల సమ్మె ఆరంభమై, సింగరేణి కార్మికులు నెలకుపైగా బాయి దిగక నిలిచిరి. ఆ సమ్మె నడుమనే, సెప్టెంబరు 27నుండి, వ్యాపారప్రకటనల బెడదను మాన్పుటకై దేశమంతటను ఒక సిమ్మునుండి దినమునకు 100 సందేశములకు మించరాదని టెలికాం నియంత్రణ సంస్థ కట్టడి చేసినది. నవంబరులో దానిని 200 చేసినది. రెంటికిని కార్యకారణసంబంధము లేదు. రెండును ఒకే పంచాంగపు పుటలో పడుట మాత్రము నాకు వింతగా తోచును.

ఇక ఈ కబుర్లను యంత్రములచేత పంపించు మోడెము మాట. 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అను యువకుడు పంపిన ‘మెర్రీ క్రిస్మస్’ లోకమున తొలి పొట్టికబురు. అది ఫోనునుండి పోలేదు, కంప్యూటరునుండి పోయినది. అనగా ఈ కబురు పుట్టుకతోనే యంత్రపు పలుకు. నడుమ పదిపదునైదేండ్లు మనుష్యులు దానిని వాడుకొని, వాట్సాపు రాగానే విడిచిపెట్టినారు. నేడది మరల బ్యాంకుల ఓటీపీలకు, యంత్రములకు చెందినదైనది. ఇంచుమించు తపాలాబిళ్ల యంత, ఒక సిమ్మును మ్రింగియుండు జీఎస్‌ఎం మాడ్యూలు చేయు పనియు ఇదియే. దానితో మాటాడు భాష 1981లో హేస్ కంపెనీ మోడెములకు పుట్టినది. ప్రతి ఆజ్ఞకు మొదట ‘ఏటీ’ అనవలెను, అనగా ‘ఆలకింపుము’. ఏటీ అనిన ‘ఓకే’ అనును. నంబరు చెప్పిన ఒక బాణపు మొనను చూపి మాటకొరకు వేచియుండును. మాట ముగిసెనని కంట్రోలు జెడ్ నొక్కిననే గాని కదలదు. ఫలానా అరలో కబురు పడినదని తానే చెప్పును. మూడు సెకన్లకొకమారు దీపము మిణుకుమన్న టవరు దొరికినట్లు. సెకనునకు ఒకటికి మించి మిణుకుమన్న ఇంకను వెదకుచున్నట్లు. చిన్నదని చిన్నచూపు చూడరాదు, పలుకునప్పుడు ఒక్కసారిగా రెండు ఆంపియర్ల వరకు త్రాగును. బలహీనపు బ్యాటరీ పెట్టినవానికి అది మాట మధ్యలో మూర్ఛపోయి లేచును. టీవీ దగ్గర ఫోను పెట్టినప్పుడు, మ్రోతకు ముందే టీవీలో వినబడు ‘ట్టట్టట్టట్ట’ అను గొణుగుడును ఈ గుక్కలదే. ఇంజనీరింగు విద్యార్థులు హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో ఈ మాడ్యూళ్లను కొని, తమ చివరి సంవత్సరపు ప్రాజెక్టు కావించిరి. కొందరు ప్రాజెక్టునే అమీరుపేటలో కొనిరి.

నస్పూరు ఊరిబయటి చేనులలో ఈ మాడ్యూలునకు దొరికిన పని నీటిమోటరు నడుపుట. 2004 మే నెలనుండి వ్యవసాయమునకు కరెంటు ఉచితమైనను, వచ్చువేళ అర్ధరాత్రియో అపరాత్రియో గనుక, స్టార్టరు నొక్కుటకు చీకటిలో పోయి పాముకాటునకు, షాకునకు బలియైన రైతులెందరో కలరు. దానికి తోచిన తొలి మందు ఆటోస్టార్టరు. కరెంటు వచ్చినదే తడవుగా మోటరు తానే లేచును. ఊరి మోటరులన్నియు ఒక్కసారి లేచినచో ట్రాన్స్‌ఫార్మరు గతియేమి? నీళ్లు పారినంతసేపు పారి భూగర్భమున అడుగంటిన గతియేమి? 2018 జనవరి 1నుండి 24 గంటల కరెంటు నిచ్చునప్పుడు తెలంగాణ ప్రభుత్వము ఆటోస్టార్టర్లను తీసివేయుడని రైతులను కోరుటకు కారణ మిదియే. ఈ మాడ్యూలుతో పనిచేయు ఫోను స్టార్టరు ఆటోస్టార్టరుకంటె తెలివిగలది. నేర్పిన నంబరునుండి పిలుపుగాని కబురుగాని వచ్చిననే లేచును, లేచితినని జవాబు వ్రాయును.

గోదావరి వైపున ఒక చేనిలో అట్టి పెట్టెను తెరచి చూపించిన రైతు, అది నెలదినములు చెవిటిదైపోయిన కథ చెప్పెను. మెకానిక్కు వచ్చి సిమ్మును తన ఫోనులో వేసిచూడగా, రీచార్జి చేయుడు, పాట పెట్టుకొనుడు అను కంపెనీ ప్రకటనలు సిమ్ములోని అరలన్నిటిని ఆక్రమించియుండెను. క్రొత్త కబురు దిగుటకు చోటులేక మోటరు నిలిచినది. మరియొకమారు, ఇంట అందరి ఫోనులలోను 4జీ సిమ్ములు వేసి, పెట్టెలోను అదే కంపెనీ సిమ్మును వేసిరట. పెట్టెకు తెలిసినది 2జీ ఒక్కటే గనుక, 2జీ టవరు లేని ఆ కంపెనీ సిమ్ముతో అది గడగడ మిణుకుటయే గాని పలుకలేదు.

‘ఇప్పుడు మంచిగనే నడుస్తున్నదా?’ అని అడిగితిని. ఆయన ఫోను తీసి పిలిచి, ఒక్క మ్రోతకు పెట్టివేసెను. పెట్టెలో టక్కుమన్నది; దూరమున పైపునుండి నీరు దుమికినది; ఫోనులో ఇంగ్లీషు అక్షరముల జవాబు వచ్చినది. చదువుట వచ్చునా యని నేను మొగమాటపడుచు అడుగగా, ఆయన తెరను నావైపు త్రిప్పెను.

‘ఇంగ్లీషు నాకెక్కడిది సార్. చిన్నగ వచ్చిందనుకో, మోటర్ నడుస్తున్నట్టు. పొడుగ్గ వచ్చిందనుకో, ఒక ఫేజు పోయినట్టు. ఏం రాకుంటె నేనే పోవాలె, ఇగ టార్చిలైటు పట్టుకొని.’